మాటల తోక

"ప్రోగ్రాములో ఆ లైను ఎవర్నడిగి పెట్టావు?" తలుపు తోసుకుని వస్తూనే అరిచింది అక్క.

తమ్ముడు కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. "నన్నే అడిగి పెట్టుకున్నాను. ప్రోగ్రాములు రాసేది నేను."

"అవి అమ్మేది నేను! రేపు ఆసుపత్రి వాళ్ళు మన టెలిఫోన్ ఎక్స్చేంజి పెట్టెని చూడ్డానికొస్తున్నారు. ఇప్పుడు మళ్ళీ కంపైల్ చేస్తే పరీక్షలన్నీ మొదటికొస్తాయి. తీసెయ్."

"తియ్యను."

నాన్న పెట్టిన కంపెనీలో ఇద్దరూ ఉప్పూ నిప్పూ. పక్క గదుల వాళ్ళు అప్పటికే తలుపులు వేసుకున్నారు.

"అసలు దానివల్ల ఒరిగేదేంటి, పెట్టె నెమ్మదించడం తప్ప?"

"కంపైలర్‌కిచ్చే ఆప్షన్ అది, ప్రోగ్రాముని యంత్ర భాషలోకి మార్చేటప్పుడు. కాల్ మొదలయ్యేటప్పుడు వాడబోయే మెమరీని సున్నాలతో తుడిచేస్తుంది. ఇప్పుడు మనం తుడవట్లేదు. ఒకళ్ళు తిన్న కంచం కడక్కుండా ఇంకొకళ్ళకి వడ్డిస్తున్నాం. రిసీవర్ ఎత్తగానే, అంతకు ముందు మాట్లాడినవాళ్ళ మాటల తోక వినపడుతుంది. డాక్టరు ఎవరి జబ్బు గురించో చెప్పింది పక్క గదిలో రోగి వింటాడు."

"మరి నాకెప్పుడూ వినపడలేదే?"

"ఎత్తగానే అరుస్తావుగా. ఎలా వినపడుతుంది?"

అక్క ముఖం ఎర్రబడింది. "నా మీద గెలవడానికి కథలల్లకు. ఇప్పుడే వినిపించు. వినపడకపోతే రేపట్నుంచి ఆ కుర్చీలో కనపడకు."

"వినపడితే?"

"నా కుర్చీ కూడా నువ్వే తీసుకో."

తమ్ముడు బల్ల మీది ఫోన్‌ని ఆమె ముందుకు తోశాడు. "మన ఆఫీసు ఫోన్లన్నీ కలిసేది ఒకే పెట్టెలో. అందులో ఇంకా పాత ప్రోగ్రామే ఉంది. కాసేపు నోరు కట్టేసుకుని విను."

ఆమె స్పీకర్ బటన్‌ని పొడిచినట్టు నొక్కింది. గరగరమంది. ఆ వెంటనే నాన్న గొంతు, పక్కనే నిలబడి మాట్లాడుతున్నట్టు:

"...పిల్లలకి మాత్రం చెప్పకండి. వాళ్ళ కొట్లాటతో విసిగిపోయాను. కంపెనీ మీకే అమ్మేస్తాను. మిగతాది మధ్యాహ్నం ఫోన్లో..."

అంతే. మాట తెగి, డయల్ టోన్ మోగసాగింది.

అక్క స్పీకర్ కట్టేసి గోడకి చేరబడింది. పందెం సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

"నువ్వన్నది నిజమే," చివరికి ఆమే అంది, పళ్ళ బిగువున. "ఆ ఆప్షన్ వేస్తే ఇక ఇలా ఏమీ వినపడదు కదా?"

"ఒక్క అక్షరం వినపడదు."

"సరే, వేసుకో. నువ్వే గెలిచావు."

తమ్ముడు కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఇంతసేపూ ప్రాణం పెట్టి కాపాడిన ఆ లైనుని తనే చెరిపేశాడు.

"సాయంత్రం వేద్దాంలే అక్కా. ముందు మధ్యాహ్నం నాన్నని ఫోన్లో మాట్లాడనీ."