లైను చివర ఒక మాట

“నీ ఒక్కదాని తెలివితక్కువతనానికి పాతికమంది బయట ఏడుస్తున్నారు,” అంటూ స్కానింగ్ సెంటర్ మేనేజర్ బల్ల మీద చరిచాడు.

కంప్యూటర్లు చూసుకునే అమ్మాయి తల తిప్పలేదు. ఆదివారం సెలవు తర్వాత ఆన్ చేసిన సర్వర్ సగంలో ఆగిపోయి అరగంటైంది. తెరమీద తెల్లటి అక్షరాలు అలాగే బిగుసుకుని ఉన్నాయి. అది లేస్తేగాని ఏ గదిలోనూ స్కాన్ తీయడం కుదరదు.

“లీటరు నీళ్ళు తాగి ఆపుకోమన్నారు. గంటైంది. మీ కంప్యూటరు లేచేదాకా ఆపుకోవాలా?” అని వరండాలో ఒక పెద్దావిడ రిసెప్షన్ వాళ్ళమీద విరుచుకుపడుతోంది.

డాక్టరమ్మ లోపలికి వచ్చింది. సెంటర్ ఆవిడదే. “ఏమైందో ఒక్క ముక్కలో చెప్పండి.”

“నేను చెప్తాను మేడమ్,” అన్నాడు మేనేజర్. “సర్వర్ లేచేటప్పుడు ఏయే డిస్కులు కలుపుకోవాలో ఈవిడగారు ఒక ఫైల్లో రాసిపెట్టింది. పేషెంట్ల స్కాన్లు దాచే బయటి డిస్కు కనబడట్లేదు. అది వచ్చేదాకా లేవనని సర్వర్ భీష్మించుకు కూర్చుంది. మా బావమరిదికి ఫోన్ చేశా. ఆ లైను చివర నోఫెయిల్ అని ఒక్క మాట పెడితే చాలట, డిస్కు లేకపోయినా దాని మానాన అది లేస్తుందట. నిన్నగాక మొన్న నేర్చుకున్నవాళ్ళకి కూడా తెలుసట.”

“పెట్టలేదా?” డాక్టరమ్మ గొంతు పెరిగింది.

“అక్కడ లేదు మేడమ్,” అంది అమ్మాయి.

“ఇప్పుడు పెట్టు. రెండు నిమిషాల పని,” అన్నాడు మేనేజర్.

“పెట్టను. ఆ డిస్కులో నాలుగు వేలమంది స్కాన్లున్నాయి. ముందు అదెక్కడుందో తేలాలి. స్టోర్‌రూమ్‌తో సహా అంతా వెతికాను, లేదు.”

“చూశారా మేడమ్, చేసిన ఘనకార్యం చాలక నోరొకటి. ఈరోజుతో పంపించేయండి.”

“పంపిస్తాను. ముందు డిస్కు పోయిందని పోలీసులకి చెప్పాలి,” అంటూ డాక్టరమ్మ ఫోన్ తీసింది.

మేనేజర్ గొంతు ఒక్కసారిగా దిగింది. “పోలీసులెందుకు మేడమ్, సెంటర్ పరువు పోతుంది. ఈ అమ్మాయికి వెతకడం కూడా చేతకాదు. నేను చూసొస్తానుండండి.”

పావుగంటకి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. తలమీద హెల్మెట్ అలాగే ఉంది.

“ఇదిగో, స్టోర్‌రూమ్‌లోనే అట్టపెట్టెల వెనక పడుంది,” అని డిస్కు బల్లమీద పెట్టాడు.

అమ్మాయి దాన్ని తగిలించింది. సర్వర్ లేచింది. వరండాలో పెద్దావిడ పేరు పిలిచారు.

డాక్టరమ్మ ఆ హెల్మెట్ వంక ఒక క్షణం చూసింది గానీ, ఆవిడ కోపమంతా ఇంకా అమ్మాయి మీదే ఉంది. “వెళ్ళేముందు ఒకటి చెప్పు. అంత చిన్న మాట రాయడం ఎలా మర్చిపోయావు?”

అమ్మాయి కుర్చీ తిప్పి, పొద్దున్నుంచి మొదటిసారి మేనేజర్ కళ్ళలోకి చూసింది.

“మర్చిపోలేదు మేడమ్. ఏడాదిగా ఉంది. మూడు వారాలుగా ఈ డిస్కు శనివారం సాయంత్రం మాయమై సోమవారం మధ్యాహ్నానికి తిరిగొస్తోంది. ఎవరి చేతిమీదుగా వస్తోందో మీరు కూడా చూడాలని, మొన్న శుక్రవారం ఆ మాట నేనే తీసేశాను.”