వంగే బాణాలు

మా ఆయన వెర్లిన్ ట్రక్కులో దొరికిన కొత్త బాణాల్లో ఒకదాన్ని వంచి చూశాను. సులువుగా వంగింది. తన విల్లు బిగువుకి ఇది ఆగదు. బలం తక్కువ వాళ్ల విల్లుకే సరిపోతుంది.

"ఏ ఆడదానికి నేర్పిస్తున్నావ్ వేట?"

"అవి నావే, లోర్నా."

"నమ్మమంటావా? నిరుడు మీ అన్న తన విల్లు వదులు చేసుకుంటే, ఊయల తాడని ఊరందర్నీ నవ్వించావ్!"

వెర్లిన్ తన విల్లు తెచ్చాడు. బిగువు పెంచే, తగ్గించే మరలు బాగా వదులు చేసి ఉన్నాయి. అయినా నారి లాగుతుంటే తన భుజం వణికింది.

"అన్నయ్యకి చెప్పకు," అన్నాడు.

శనివారం జింకల వేటకి బయల్దేరుతుంటే వాళ్లన్న ఒక బాణం తీసి వంచాడు. "ఈ పుల్లలెవరివిరా?" అంటూ నవ్వాడు.

"నావి," అన్నాను, వెర్లిన్ నోరు తెరవకముందే.