పదహారోనాటి గోడ నడక

"ఏం గ్వేజెనక్కా, గోడెక్కిన పది అడుగులకే కుంటుతున్నావు?" వెనకనుంచి అరిచింది పక్కింటి ఫెంగ్.

గ్వేజెన్ తల తిప్పలేదు. కొత్త ఏడాది మొదటి నెల పదహారోనాడు పాత కోటగోడ ఈ కొసన ఎక్కి ఆ కొసన దిగాలి. మధ్యలో కూర్చోకూడదు, వెనక్కి చూడకూడదు. అలా నడిస్తే ఒంట్లో రోగం గోడ మీదే ఉండిపోతుంది. కూర్చున్నారా, మళ్ళీ ఏడాది దాకా మోసుకు తిరగాల్సిందే.

గోడంటే ఇప్పుడు మిగిలింది దిమ్మిసతో కొట్టిన మట్టికట్ట. మూడు చోట్ల గండి పడింది. పైన ఎవరో వెల్లుల్లి కూడా వేశారు. రాత్రి తిన్న నువ్వుల ఉండలు అరిగేలా ఊరి ఆడవాళ్ళంతా కబుర్లాడుతూ నడుస్తున్నారు.

ఫెంగ్ వచ్చి కలిసింది. ఆమె చూపు గ్వేజెన్ కాళ్ళ మీద పడింది. ఎర్ర జోళ్ళు, వాటి మీద నీలం పువ్వులు.

"అబ్బో, డెబ్బై దాటాక సోకులా! మడమ సగం బయటే ఉంది. నీ పాత జోళ్ళు సంచిలో ఉన్నాయిగా, మార్చుకో."

"దిగాక."

"కోడలు రాలేదేం?"

"పడుకునుంది."

"ఇంత పొద్దెక్కాకా! నా కోడలు చూడు, కోడి కంటే ముందు లేస్తుంది."

"నీ నోరు లేవకముందే పని తెముల్చుకోవాలని."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఫెంగ్ కూడా నవ్వేసింది.

రెండో గండి దిగి ఎక్కేసరికి గ్వేజెన్ మేజోడు మడమ దగ్గర ఎర్రగా తడిసింది. ఎవరో చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోతే విదిలించుకుంది. పళ్ళ బిగువున మూడో గండీ దాటింది.

చివరి కొసన అందరూ తమకు నొప్పున్న చోటు గోడకేసి రుద్దుకుంటున్నారు. ఫెంగ్ నడుం రుద్దుకుంటూ, "నీ మోకాలు రుద్దవేం అక్కా?" అంది.

"అదెక్కడికి పోతుంది? నాకు అలవాటైపోయింది."

కిందికి దిగాక ఎర్ర జోళ్ళు విప్పి తువ్వాల్లో చుట్టింది.

"ఆ గోడమన్నన్నా దులుపు!"

"ఉండనీ."

పాత జోళ్ళేసుకుని తిన్నగా ఇంటికి నడిచింది. లోపలి గది తలుపు మెల్లగా తోసింది. తాగకుండా వదిలేసిన కషాయం గిన్నె పక్కకు జరిపి, ఎర్ర జోళ్ళు మంచం దగ్గర పెట్టి, దుప్పటి మీదికి వంగింది.

"నీ జోళ్ళు గోడంతా నడిచొచ్చాయే కోడలా, ఇక లే."