ఎనిమిదో నంబరు కుర్రాడు

"ఏమయ్యా తొరీనీ, సంతకొచ్చావా?" అన్నాడు వాల్డెమార్ స్కోవ్, కుర్చీలో కూలబడుతూ.

పక్క కుర్చీలోని ఇటలీవాడు టోపీ ఎత్తి నవ్వాడు. "మంచి సరుకున్న చోటికి రాక తప్పదు కదండీ."

డెన్మార్క్ ఊరు ఓడెన్సెలో వాన పడుతోంది. యుద్ధం ముగిసి ఆరేళ్ళు. డెన్మార్క్, నార్వే కుర్రాళ్ళ జట్ల మధ్య స్నేహపూర్వక ఫుట్‌బాల్ మ్యాచ్. స్కోవ్ డెన్మార్క్ ఎంపిక సంఘం అధ్యక్షుడు. మేయరుగారి విందులో హెర్రింగ్ చేపలు, స్నాప్స్ సారా గ్లాసులు, ఉపన్యాసాలు అన్నీ కానిచ్చుకుని వచ్చేసరికి సగం ఆట అయిపోయింది. అందుకు ఆయనేమీ బాధపడలేదు. జిల్లాల నుంచి వచ్చిన సిఫారసులను బట్టి జట్టును కూర్చాడు. కుర్రాళ్ళ మొహాలు చూడాల్సిన అవసరం ఆయనకెన్నడూ రాలేదు. దేన్నయినా చూడకముందే తీసిపారేయడం ఆయనకు హాయి. చూశాక తీసిపారేయాలంటే శ్రమ.

ఆయన భయమల్లా పక్కన కూర్చున్న ఈ ఏజెంటే. కిందటి వేసవిలో ఇద్దరు డెన్మార్క్ కుర్రాళ్ళను ఇటలీ క్లబ్బులకు ఎగరేసుకుపోయాడు. డబ్బు పుచ్చుకుని ఆడినవాడికి మళ్ళీ దేశం జట్టులో చోటుండదు. సంతకం పెట్టాడంటే దేశానికి లేనట్టే. ఇంకొక్కడు పోతే స్కోవ్ పదవి కూడా పోతుందని సంఘంవాళ్ళు మొహం మీదే చెప్పారు. అందుకే ఆటగాళ్ళ గదుల వైపు ఏజెంట్లెవరూ పోకుండా ఎగోన్ అనే కాపలావాణ్ణి తలుపు దగ్గర నిలబెట్టాడు.

మైదానంలో ఎర్ర చొక్కాలు, తెల్ల చొక్కాలు. స్కోవ్ చూపు ఎర్ర చొక్కాల మీద ఆప్యాయంగా వాలింది. జెండా రంగు. ఆ రంగు చూస్తే చాలు, ఆయన ఛాతీ కాస్త పొంగుతుంది.

"వాణ్ణి చూడండి," అన్నాడు తొరీనీ. "తెల్ల చొక్కా. ఎనిమిదో నంబరు."

స్కోవ్ కళ్ళు చిట్లించాడు. సన్నటి కుర్రాడు. బంతిని కాలికి అంటించుకున్నట్టు మనుషుల మధ్య నుంచి జారిపోతున్నాడు.

"వాడా? పెళ్ళిలో డాన్సుకొచ్చినట్టున్నాడు. ఆ కాళ్ళేమిటి, కొంగకాళ్ళు! గట్టిగా తుమ్మితే పడిపోతాడు."

"ఇప్పుడే ముగ్గుర్ని దాటాడండీ."

"ఆ ముగ్గురూ మర్యాదస్థులు. దారిచ్చారు."

ఎర్ర చొక్కా కుర్రాడొకడు బంతిని బలంగా తన్నాడు. అది స్టాండు పైకప్పు దాటి వీధిలో పడింది.

"అదీ ఆటంటే!" అన్నాడు స్కోవ్. "సూటిగా, నిటారుగా. దొంగవేషాలు లేకుండా."

తొరీనీ తల తిప్పి ఆయన మొహంలోకి చూశాడు. ఆ ఆశ్చర్యం స్కోవ్‌కు ముద్దుగా అనిపించింది. ఆట తెలిసినవాడి పక్కన కూర్చుంటే ఎవడైనా అలాగే చూస్తాడు మరి.

అంతలో ఎనిమిదో నంబరు కుర్రాడు గోలు కొట్టాడు. జనం గొడుగులతో సహా లేచి నిలబడ్డారు. ఒకటే కేకలు.

"చూశావా, ఎవడు కొట్టినా చప్పట్లే. సర్కస్ కోతి కనబడితే చాలు వీళ్ళకు." యుద్ధానికి ముందు ఈ జనానికి కాస్త సిగ్గుండేది, అనుకున్నాడు.

తొరీనీ గొంతు తగ్గించాడు. "అయితే వాడు మీకు అక్కర్లేదా?"

"ఊరికే ఇచ్చినా వద్దు."

"నేను తీసుకుంటే అడ్డుపడరు కదా?"

స్కోవ్ లోపల ఏదో వెచ్చగా కదిలింది. వీడి సంచిలో ఓ నార్వే కొంగ పడితే ఈ ఏడాదికి వీడి ఆకలి తీరుతుంది. ఇక తన కుర్రాళ్ళ జోలికి రాడు. తన పదవి చెక్కుచెదరదు. నార్వేవాళ్ళ నష్టానికి నార్వేవాళ్ళే ఏడుస్తారు. ఇంత తెలివి తనకు తప్ప సంఘంలో ఇంకెవరికుంది?

"అడ్డా? దారి నేనే చూపిస్తా. ఇప్పుడే సంతకం పెట్టించు. ఆలస్యం చేశావో, వాళ్ళమ్మ ఏడుపు మొదలెడుతుంది."

ఆట ముగిసింది. తెల్ల చొక్కాలు గెలిచాయి. ఇద్దరూ మెట్లు దిగారు. తలుపు దగ్గర ఎగోన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏజెంట్లను పోనివ్వొద్దని మీరే అన్నారు కద సార్!"

"ఇప్పుడు పోనివ్వమంటున్నా. తెల్ల చొక్కాల గదిలోకి వదులు."

"తెల్ల చొక్కాల గదిలోకా? మీరేనా ఈ మాటంటోంది?"

"నీకు చెవుడా, ఎగోన్?"

ఎగోన్ తలుపు తీశాడు.

స్కోవ్ నడవాలో చుట్ట వెలిగించుకుని నిలబడ్డాడు. చుట్ట సగం కాలేసరికి తొరీనీ పెన్ను జేబులో పెట్టుకుంటూ బయటికొచ్చాడు. రెండో చెయ్యి ఎనిమిదో నంబరు కుర్రాడి భుజం మీద ఉంది. కుర్రాడు స్కోవ్ ముందు ఆగాడు. ఏదో చెప్పాలనుకున్నట్టు పెదవులు కదిపాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. స్కోవ్ మొహం పక్కకు తిప్పుకుని పొగ వదిలాడు. ఇలాంటివాళ్ళతో మాటలేమిటి?

వాళ్ళిద్దరూ వానలోకి వెళ్ళిపోయారు.

అప్పుడొచ్చాడు నార్వే బృందం పెద్ద, సోలెమ్. మొహం వేలాడేసుకుని ఉన్నాడు. గెలిచి కూడా ఏడుపుమొహమే, వీళ్ళ జాతే అంత, అనుకున్నాడు స్కోవ్. అయినా ఓడినవాడి హుందాతనంతో చెయ్యి చాపాడు.

సోలెమ్ ఆ చేతిని రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"ఓడితే ఓడాం గానీ స్కోవ్ గారూ, రెండు దేశాల చొక్కాలూ ఎరుపే అయ్యేసరికి, అతిథులమని ఎరుపు మాకొదిలేసి మీ పిల్లలకు తెల్లవి తొడిగించారు చూడండి, ఆ మర్యాద మేం మర్చిపోలేం."