రాని ఆవలింత

భార్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కాయ తుంచినప్పుడల్లా రావలసిన ‘పుటుక్’మనే చప్పుడు, ఎదురుగా కూర్చున్న రైలు డ్రైవరుకు వినిపించడం లేదు. ఇంకాసేపట్లో అతనికి వినికిడి పరీక్ష. తప్పితే ఇంజను ఎక్కనివ్వరు.

“మింగరా, ఇంకో గుక్క మింగు!” తల్లి అతని చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

“కడుపు కుండయిందమ్మా. ఇక ఆవలింతే దిక్కన్నాడు డాక్టరు.”

చెవి లోపలి నుంచి గొంతు వెనక్కి ఒక సన్నని గొట్టం ఉంటుందట. మింగినా ఆవలించినా అది క్షణంపాటు తెరుచుకుని, లోపలి గాలినీ బయటి గాలినీ సమానం చేస్తుందట. జలుబుకు అది కాస్తా వాచి మూసుకుపోయింది. నిన్న బండి కొండ దిగేసరికి బయటి గాలి బరువెక్కి కర్ణభేరిని లోపలికి నొక్కేసింది. రెండు చెవుల్లోనూ దూది కుక్కినట్టుంది.

అతను నోరు బార్లా తెరిచాడు. ఊహూఁ. ఆవలింత పిలిస్తే వచ్చే చుట్టమా? మొన్న భార్య ముచ్చటగా ఏదో చెబుతుంటే మాత్రం పిలవకుండానే వచ్చింది. అప్పట్నుంచి ఆమె మూతి ముడుచుకునే ఉంది. ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడామె తీరిగ్గా ఆవలించింది.

అతను చురచురా చూశాడు. ఆమె మళ్ళీ ఆవలించింది, కళ్ళలో నీళ్ళు తిరిగేలా.

“చూశావా అమ్మా! ఇక్కడ నా ఉద్యోగం ఊడేలా ఉంటే, దీనికి కక్ష! మొన్న నేనొక్కసారి ఆవలించినందుకు వడ్డీతో సహా తీర్చుకుంటోంది. ఇంత పంతమా? ఇంత… ఆ… ఆఆఆ…”

మాట మధ్యలోనే దవడలు వాటంతటవే విచ్చుకున్నాయి. చెవుల్లో ‘టప్’మంది.

‘పుటుక్.’

“అమ్మా! కాయ తుంచడం వినిపించింది!”

“ఆవలింతకు అన్న ఉన్నాడని ఊరికే అన్నారా!” తల్లి ఇంకా అరుస్తూనే ఉంది.

“మెల్లగా చెప్పమ్మా, గుండె అదిరిపోతోంది. ఇంతకీ దీనికి రాత్రి నిద్ర లేదా ఏంటి?”

“దానికా? గుర్రుపెట్టి మరీ పడుకుంది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఒకటే ఆవలిస్తుంటే, పిల్లకేమైందోనని నేనే హడలిపోయాను.”

అతను గిరుక్కున భార్య వైపు తిరిగాడు.

ఆమె పళ్ళెం పక్కన పెట్టి, బజారు సంచీ భుజాన తగిలించుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, నొప్పెట్టిన దవడలు రెండు చేతులతో రుద్దుకుంటూ గడప దాటింది.