పక్కసీటుకు హెచ్చరిక

"ఆ రేకు నా విమానానికి అంటించేది లేదు. అంత ముచ్చటగా ఉంటే మీ కారుకి అంటించుకోండి," అన్నాడు ఆర్విడ్.

తనిఖీ అధికారి ప్రాసర్ అరచేయంత రేకుముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆర్విడ్ ఇంటి వెనక షెడ్డులో కట్టుకున్న ఆ రెండు సీట్ల విమానాన్ని పొద్దుటి నుంచి ముక్కు మొదలు తోక దాకా టార్చి వేసి వెతికాడు. వంక దొరకలేదు. తీరా సంతకం పెట్టబోయే వేళకి ఈ పేచీ వచ్చి పడింది.

"నామీద ఎగిరితే ఎలాగండీ? ఇంట్లో కట్టుకున్న ప్రతి విమానంలోనూ ఇది ఉండాల్సిందే. పక్కసీట్లో కూర్చునేవాళ్ల కళ్లెదుట, ప్యానెల్ మీద."

"అందులో ఏం రాసుందో పైకి చదవండి ఒకసారి."

ప్రాసర్ గొంతు సవరించుకున్నాడు. "ప్రయాణికులకు హెచ్చరిక. ఈ విమానం సొంతంగా కట్టుకున్నది. మామూలు విమానాలకు వర్తించే ప్రభుత్వ భద్రతా నిబంధనలకు ఇది లోబడి లేదు."

"ఇది చదివాక మీ ఆవిడైతే ఎక్కుతుందా?"

"మా ఆవిడ సంగతి ఇప్పుడెందుకు లెండి!"

ఆర్విడ్ బెంగంతా తన ఆవిడ గురించే. విమానం విడిభాగాల కిట్టు పెట్టెలు షెడ్డులో దిగిన రోజే వెర్నా తెగేసి చెప్పింది, నీ పక్కన కూర్చుని గాల్లోకి రానంటే రానని. ఏళ్ల తరబడి అదే మాట. అయినా ఆశ చావక, ఆ ప్యానెల్‌ని పెళ్లికూతుర్ని చేసినట్టు చేశాడు. ముందు అట్టముక్క మీద కాగితం డయళ్లు అంటించి, సీట్లో కూర్చుని చెయ్యి ఎంతవరకు అందుతుందో చూసుకున్నాడు. ఎత్తు చూపేదాన్నీ వేగం చూపేదాన్నీ మధ్యకి జరిపాడు, పక్కన కూర్చున్న మనిషికీ కనబడితే భయం ఉండదని. చివరికి ఇవాళ పొద్దున, పాన్‌కేకుల మీద పాకం పోస్తూ వెర్నా తనంతట తానే అంది, "నువ్వొక్కడివే పరీక్షగా ఎగరాల్సిన గంటలు పూర్తవనీ, ఇద్దరం ఎగురుదాంలే" అని. ఆ సంబరం తీరకముందే ఈ దిక్కుమాలిన రేకు!

"సీటు కింద అంటిస్తా."

"కుదరదు."

"పోనీ, మ్యాపుల సంచి వెనకాల?"

"ఆర్విడ్ గారూ!"

"అయితే మీ సంతకమే నాకొద్దు, వెళ్లండి! ప్రతి రివెట్టూ ఈ చేతులతో కొట్టాను. వెంట్రుకంత తేడా వచ్చిందని రెక్క తొడుగు విప్పి మళ్లీ బిగించాను. నా పనిని నేనే తిట్టుకుంటూ బోర్డు పెట్టుకోవాలా? ఎగరకపోతే మానె, ఇక్కడే దుమ్ము కొట్టుకుపోనీ!"

"ఏమిటా అరుపులు? వంటింట్లోకి వినబడుతున్నాయి," అంటూ వెర్నా కాఫీ ఫ్లాస్కుతో లోపలికి వచ్చింది. ఆర్విడ్ గబుక్కున రేకు లాక్కోబోయాడు. ఈలోగా అది ఆమె చేతిలోకి వెళ్లనే వెళ్లింది. కళ్లజోడు సర్దుకుని చదివింది. మళ్లీ చదివింది.

"దీన్ని ఎవరు చదవాలండీ?" అని అడిగింది.

"పక్కసీట్లో కూర్చునేవాళ్లమ్మా."

"న్యాయమే కదా. ఎక్కేవాళ్లకి తెలియాలి." వెనక కాగితం ఒలిచి, ప్యానెల్‌కి కుడివైపున వంకర లేకుండా అంటించి బొటనవేలితో గట్టిగా నొక్కింది. ప్రాసర్ ఇదే అదనుగా సంతకం గీకేశాడు.

"వెర్నా, అది ఊరికే చట్టం కోసం రాసింది. నువ్వు పట్టించుకోకు," అన్నాడు ఆర్విడ్, ఏడుపు ఒక్కటే తక్కువగా.

"నీ చేతిపనిని నేనెప్పుడైనా శంకించానా? నువ్వు బిగించిన మర ఈ ఇంట్లో ఒక్కటైనా ఊడిందా?"

"మరి ఇన్నేళ్లూ రానని ఎందుకన్నావు?"

ఆమె రెక్క మీదికెక్కి, ఎడమసీట్లో దిగి కూర్చుంది.

"అది కాదు వెర్నా, అది పైలట్ సీటు. నీది ఇటుపక్క."

వెర్నా బెల్టు బిగించుకుంది. "తెలుసు. నువ్వు కారు నడిపితేనే నా గుండె నోట్లోకి వస్తుంది. అందుకే విమానం నడపడం నేనే నేర్చుకుని, మొన్న లైసెన్సు తెచ్చుకున్నా. నువ్వు అటు కూర్చుని, ఆ హెచ్చరిక శ్రద్ధగా చదువుకో."