కదలని గుర్తు

ఆ శివారులో యంత్రాలు వారానికోసారి బిల్డింగులు కూల్చి కొత్తవి కడతాయి. అందుకే డ్రైవరు లేని అంబులెన్సు అడ్రసు అడగదు, గుర్తు అడుగుతుంది.

"టాకీసు సందు," అంది అండాలు ఫోన్లో. టాకీసు పోయి ఇరవై ఏళ్లయినా అక్కడివాళ్లకు అది టాకీసు సందే. లోపల ఆమె భర్త ఐలయ్య గుండె పట్టుకుని మూలుగుతున్నాడు.

"అలాంటిది లేదు," అంది అంబులెన్సు.

"నీళ్ల ట్యాంకు ఎదురుంగ!"

"నిన్న తీసేశారు."

అండాలు రోడ్డు మీదికి ఉరికి, పైన తిరిగే అంబులెన్సు డ్రోన్‌కు చెంగు ఊపింది. "ఎర్రచీరల ఉన్న, కనవడ్తున్ననా?"

"గుర్తు నమోదైంది. ఎనిమిది నిమిషాలు. మీరు కదిలితే దారి తప్పుతాం."

ఇంట్లోంచి కూతురు అరిచింది. "అమ్మా, నాయిన నిన్నే పిలుస్తున్నడు, జల్ది రా!"

అండాలు బొడ్రాయిలా పాతుకుపోయి గొంతు చించుకుంది. "వస్తున్ననని చెప్పు బిడ్డా!"